వడియాలు ఎండని రేవు

నా చిన్నప్పుడు, బ్రిస్బేన్‌లో మేమున్న ఇంటి హాల్లో ఒక పటం ఉండేది. నాన్న ఎవరి గరాజ్ సేల్‌లోనో పాత సామాన్ల మధ్య కొన్నది. డచ్చివాళ్ల ఊరొకటి, పడవలు ఆగే రేవు, ఒడ్డున ఇళ్లు. ఇంట్లో ఉన్న బొమ్మ తెచ్చి దాని మూడ్ ఏమిటో క్లాసులో చెప్పమని టీచర్ అంటే, నేను ఆ పటాన్నే ఎంచుకున్నాను. లెక్కపెడితే తెరచాప కొయ్యలు పదిహేడు, కిటికీలు నలభై మూడు, కుక్క ఒకటి. మూడ్ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అంతకుముందోసారి కథ చెప్పమంటే అందులో ఎన్ని వాక్యాలున్నాయో చెప్పి నవ్వులపాలయ్యాను. మళ్లీ అందరిచేతా నవ్వించుకునేకన్నా బడి మానేయడం మేలని ఏడుపు మొదలుపెట్టాను.

అప్పుడు కాకినాడ నుంచి అమ్మమ్మ వచ్చి ఉంది. సన్నీబ్యాంక్ అనే పేటలో చైనావాళ్ల కొట్లో బూడిదగుమ్మడికాయ దొరికేసరికి ఆవిడకు ప్రాణం లేచొచ్చి, ఆ ఉదయమే వడియాలకు పిండి కలిపింది. నా ఏడుపూ, మధ్యలో నా లెక్కలూ విని గిన్నెతో సహా హాల్లోకి వచ్చి, పటం ముందు నిలబడి, పిండి చేతిలోకి తీసుకుంది.

"ఏరా, ఈ రేవు గట్టు మీద పెట్టేయనా వడియాలు?"

చెయ్యి పటం దాకా వెళ్లింది. నేను హడలిపోయాను.

"నో అమ్మమ్మా! అక్కడ ఎండవు!"

"ఏం, ఎందుకెండవూ?"

"ఆ క్లౌడ్ చూడు, ఎంత బ్లాక్‌గా ఉందో! పొగ కూడా పైకి పోవట్లేదు. అందరూ తల దించుకుని ఇంటికెళ్లిపోతున్నారు. డాగ్ కూడా శాడ్‌గా ఉంది."

"ఇందాక కుక్క ఒకటి అన్నావు. ఇప్పుడు దాని మొహం కూడా కనిపించిందే! మీ టీచరమ్మ అడిగింది అదేరా, సన్నాసీ."

ఈ మాటల్లో ఒక చుక్క పిండి పటంలోని నీళ్ల మీద పడింది. మేమిద్దరం గమనించలేదు. మర్నాటికి అది గట్టిపడింది.

క్లాసులో నేను ఆ ఊళ్లో వడియాలు ఎండవని మొదలుపెట్టాను. వడియాలంటే ఏమిటో చెప్పడానికే నా సమయం సగం పోయింది. అందరూ నవ్వారు గానీ, నవ్వి మళ్లీ ఆ మబ్బు వైపు చూశారు. టీచర్ మెచ్చుకుంటూ, అంత దిగులులోనూ నీళ్ల మీద ఆ ఒక్క తెల్ల పక్షి ఎంత బాగుందో అన్నారు. నా లెక్కలో పక్షులు లేవు. అయినా అవునని తలూపాను.

ఈనాటికీ ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు కుర్చీలు లెక్కపెడతాను. ఆ వెంటనే అమ్మమ్మ గిన్నె గుర్తొచ్చి, ఇక్కడ వడియాలు ఎండుతాయా అని మొహాలు చూస్తాను. నిన్న ఇంటికి ఆలస్యంగా వచ్చి మా ఆవిడ మొహం చూశాను. వడియాలు ఎండే సూచన లేదు; మనసులోనే పిండి మీద మూత పెట్టేసి, వెళ్లి అంట్లు తోమాను.