లెక్కల మేడమ్ వదిలి వెళ్లిన పాఠం

మా బడి లెక్కల మేడమ్ పోయారన్న కబురు సోమవారం ప్రార్థన జరుగుతుండగా వచ్చింది. హెడ్మాస్టరు ఫోను పెట్టేసి ప్రార్థన ఆపించారు. "నాలుగు రోజులల్ల వస్త, పిల్లలకు చెప్పుండ్రి" అని కరీంనగర్ ఆసుపత్రికి వెళ్లిన మనిషి ఆమె.

ఆమెది హుజూరాబాద్. ఆసిఫాబాద్ దగ్గరి మా బడికి వచ్చి ఆరేళ్లు. నేనిక్కడ తెలుగు చెబుతాను. బడిలో మూలపడ్డ కంప్యూటర్లలో రెండింటిని మేడమ్ బాగుచేయించి, పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పారు. తెర మీద రంగురంగుల దిమ్మెలుంటాయి. 'పది అడుగులు నడువు', 'కుడికి తిరుగు' అని ఒక్కోదాని మీద ఒక్కో ఆజ్ఞ. ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెర మీది బొమ్మ అట్లాగే నడుస్తుంది. కరెంటు లేని రోజు ఆ ఆజ్ఞలు అట్టముక్కల మీద రాసి, తానే బొమ్మై వరండాలో నడిచేవారు. పిల్లలు తప్పుగా పేరిస్తే గోడ దాకా వెళ్లి ఆగిపోయేవారు. "బొమ్మ తప్పేం లేదు బిడ్డా, మనం చెప్పిందే చేసింది. మల్ల చెప్పుదాం" అనేవారు.

ఏడో తరగతిలో ఒక గోండు పిల్ల నా క్లాసులో ఏడాదంతా నోరు తెరవలేదు. మేడమ్ ఆ పిల్ల గొంతును కంప్యూటర్లో రికార్డు చేయించారు. ఒక మధ్యాహ్నం తెర మీద బొమ్మ నడిచొచ్చి ఆ పిల్ల గొంతుతోనే గోండిలో ఏదో అంది. గోండు పిల్లలంతా నవ్వారు.

"ఏమన్నది బిడ్డా?" అని అడిగాను.

"అన్నం తిన్నవా అన్నది సార్" అంది ఆ పిల్ల. నాతో అదే మొదటి మాట.

ఈ వేసవి తర్వాత రెండు మెట్లెక్కినా మేడమ్‌కు ఆయాసం వచ్చేది. ఒకరోజు, "సార్, జర మీరు గూడ నేర్చుకోండ్రి. నేను రాని నాడు పిల్లలు ఉత్తగనే కూసుంటున్రు" అన్నారు.

"పరీక్షలు కానీయండ్రి మేడం, చూద్దాం" అన్నాను.

మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. ఆ తర్వాత అడగలేదు. జబ్బు సంగతి నాకు తెలియదని ఇప్పుడు అందరితో అంటున్నాను. ఆ ఆయాసం చూసి కూడా నేను అడగలేదన్నదే నిజం.

సంతాప సభ అయ్యాక కంప్యూటర్ల గది తాళం తీయించి కంప్యూటరు ఆన్ చేశాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆమె ఆఖరి పాఠం సగంలోనే ఉంది. దిమ్మెలన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం దేనికీ అతకకుండా పక్కన ఉంది.

"ఇది యాడ పెట్టాలె?" అన్నాను.

"వచ్చినంక చెప్త అన్నది సార్, మేడం" అన్నారు పిల్లలు.

మౌసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.