అమావాస్య ఎరుపు

ఉల్లి తెచ్చిన రైతులకు మండీల్లో వరస టోకెన్లిచ్చే ప్రోగ్రాం రాసే చిన్న ఆఫీసు అది, కర్నూలులో. యజమాని రామకోటయ్య. డోన్ నుంచి రోజూ వచ్చిపోయే సుచరిత ఒక్కతే అక్కడ పరీక్షల గురించి పట్టించుకునే మనిషి. రెండు వేల ఆరులో ఆమె ఒక పాత కంప్యూటర్‌ను మూలన పెట్టింది. రోజూ పొద్దున ఒకసారీ, ఎవరు కోడ్ మార్చినా మరోసారీ అది ప్రోగ్రామంతా తిరిగి కూర్చి, రెండు వందల టెస్టులు తనంతట తానే నడిపేలా అమర్చింది. అన్నీ సరిపోతే తెర మీద పచ్చరంగు, ఒక్కటి తప్పినా ఎరుపు. ఎరుపుంటే మండీలకు ఏదీ పంపకూడదని ఆమె షరతు. రామకోటయ్య సణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన అమావాస్య నాడు ఎరుపొచ్చింది. మర్నాడు ఏమీ ముట్టకుండానే పచ్చ. రెండో అమావాస్యకూ అంతే. ఇంకో ఊళ్లో అయితే ఎవరో ఒకరు తల గోక్కునేవారు. ఇక్కడ "అమావాస్య కదా" అనుకుని అందరూ టీకి వెళ్లిపోయారు. సుచరిత కూడా వెళ్లింది, అదీ విడ్డూరం. అటెండరు సుంకప్ప మిషన్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు.

మూడోసారీ ఎరుపు రాగానే రామకోటయ్యకు ఓపిక పోయింది.

"ఏమ్మా, నీ మిషను నెలకొకసారి పూనకమొచ్చినట్ల ఆడతాండాది. దీన్ని నమ్మి ఎట్ల పంపేది? రేపట్నుంచి తీసేద్దాం. ముందట్ల చేత్తోనే చూసి పంపుదాం" అన్నాడు.

చేత్తో చూసి పంపిన రోజుల్లో టోకెన్లు తారుమారై, రైతులు మండీ గేటు ముందు ఎండలో నిలబడడం సుచరిత కళ్లారా చూసింది. "ఈ పొద్దొక్క రోజు ఆగండి సార్" అని, తప్పిన టెస్టు తెరిచింది. ఈరోజు తేదీతో టోకెన్ అడిగితే ఇవ్వాలి అని ఉంది అందులో. ప్రోగ్రాం ఇవ్వనంటోంది. ఎందుకిస్తుంది? అమావాస్య నాడు మండీకి సెలవు. ఆ సెలవును ప్రోగ్రాంలో రాసిందీ ఆమే, టెస్టు రాసిందీ ఆమే. డోన్‌లో వాళ్ల నాన్న కూడా ఆ రోజు అంగడి తీయడు.

"తప్పు నాదే సార్. మిషను మూడు నెలలుగా నిజమే చెప్తాండాది. మనమే ఇనలేదు" అంది.

టెస్టుకు ఒక మామూలు రోజు తేదీ ఖాయం చేసింది. అమావాస్య నాడు టోకెన్ ఇవ్వకూడదని మరో టెస్టు రాసింది. రామకోటయ్య "వచ్చే అమావాస్యకు చూద్దాం" అన్నాడంతే.

అది శుక్రవారం పడింది. పొద్దున్నే తెర పచ్చగా ఉంది. కొత్త ప్రోగ్రాం సిద్ధంగా ఉంది. మండీ మూసిన రోజు మార్చడమే అందరికీ మేలు. కానీ అమావాస్య నాడు చెప్పుల జత కూడా కొనని మనిషి రామకోటయ్య. సుచరిత అడగలేక కూర్చుంది. ఆయన వచ్చి, ఎండిన నిమ్మకాయను పక్కకు జరిపి, తెరను చాలాసేపు చూశాడు.

"పచ్చగానే ఉండాది కదమ్మా. పంపు" అన్నాడు. రెండడుగులు వేసి, గడియారం చూసి వెనక్కి తిరిగాడు. "పన్నెండు దాటనీ. రాహుకాలం పోతాది."