మందతో పోయే పిల్లకు టీకా

పిల్లల ప్రాణం మీదికి తెచ్చే అబద్ధాన్ని మీ ఫోనుకు చేరవేసే కంపెనీని మీరెప్పుడైనా నిలదీశారా?

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నన్ను అచ్చంపేట వైపు ఆరోగ్య విస్తరణ అధికారిగా వేశారు. ఊళ్లు తిరిగి టీకాలు వేసేది ఏ.ఎన్.ఎం. అనే నర్సు. వద్దన్నవాళ్లకు నచ్చజెప్పి, పైఅధికారులకు నివేదించడం నా పని. తట్టు–రుబెల్లా టీకా వేయిస్తే ఆడపిల్లలకు సంతానం కలగదని అప్పుడు ఒక వీడియో సామాజిక మాధ్యమంలో తిరుగుతోంది. అది చూసి, గొర్రెలు కాసే ఈదమ్మ తన మూడేళ్ల మనవరాలికి టీకా వద్దంది. తెల్లవారితే ఆ కుటుంబం మందతో మేతకు వలస పోతుంది. ఇక నెలల తరబడి ఏ దవాఖానకూ అందరు. పక్క గూడెంలో అప్పటికే తట్టు కనిపించింది.

నేను శాస్త్రం చెప్పబోతుంటే ఏ.ఎన్.ఎం. సుజాత ఆగమని సైగ చేసి, ఈదమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"ఎందుకు నమ్మినవవ్వా?"

"నమ్మక? పోయినేడు సూదులేసినంక మా గొర్లు ఈసుకపోయినయి. కండ్లార జూసిన." గర్భం పోయిందని ఆమె మాటకు అర్థం.

"నిండు సూడి గొర్లను గుంజి పట్టిన్రా?"

"పట్టకుంటె నిలుస్తయా?"

"గుంజులాటకే పోయినయి. సూడి లేనివి ఏమైనయి?"

"అవి అటెంక మంచిగనే ఈనినయి."

"మరి నీ మనవరాలేమన్న సూడిదా?"

"నీ నోట్ల మన్నువడ," అని ఈదమ్మ నవ్వింది. "ఏసెయ్యి."

ఆ పిల్ల టీకా వేయించుకున్నాకే మందతో పోయింది. వెక్కిరించకుండా అడిగి, జవాబును అవతలి మనిషి అనుభవంలోంచే రాబట్టిన సుజాత పద్ధతినే నేను హేతువాదం అంటాను.

ఆ వీడియో మీద, ఆ మాధ్యమాన్ని నడిపే కంపెనీకి ఫిర్యాదు చేశాను. తమ నియమాలకు విరుద్ధంగా లేదని జవాబిచ్చారు. మేం పెట్టిన టీకా ప్రచార వీడియోలో వెనుక సినిమా పాట వినిపించిందని మాత్రం ఆ పూటే తీసేశారు. కాబట్టి చేతగాక కాదు. పాటకు హక్కుదారుడున్నాడు, గొర్రెల కాపరి పిల్లకు లేడు. సుజాత వాకిలి వాకిలికీ తిరిగి తుడిచిన అబద్ధాన్ని వాళ్లు మళ్లీ ఊరూరికీ పంచారు.

మంచి నర్సు ఒక ఇంటిని కాపాడగలదని, అబద్ధాన్ని మూలంలో ఆపాల్సింది దాన్ని పంచేవాడేనని ఆ ఉద్యోగం నాకు నేర్పింది. అలాంటి వీడియో మీ ఫోనుకొస్తే ఎవరికీ పంపకండి. ఫిర్యాదు చేయండి. తోసిపుచ్చితే మళ్లీ చేయండి. పాటను తీసేసినంత వేగంగా దాన్నీ తీసేయమని ఆ కంపెనీని ఇవాళే నిలదీయండి.