తోటికోడలి చాపకు వేసిన అంచు

ఆ ద్వీపంలో చాప అల్లిన చేయి దాని అంచు కట్టరాదు. అల్లిక ఒకరిది, అంచు మరొకరిది; పూర్వం నుండీ అక్కడి పనితీరు అది. అంచు బిగించడంలో సాటిలేనిది కావడం వల్ల చిన్న తోటికోడలిని అందరూ అంచులమ్మ అనేవారు. అయితే పరచిన చాపను చూసి “ఎవరు అల్లారు?” అని అడిగేవారే తప్ప, అంచు ఎవరిదని అడిగిన వారు లేరు.

ద్వీపపు తిండి తిని, అల్లిక నేర్చుకుని పోవడానికి పడవలో వచ్చే అతిథులు ఏటా పెద్ద తోటికోడలి ఇంటనే దిగేవారు. రెండిళ్ళకూ గోడ ఒక్కటే. అవతలి నవ్వులు వినబడినప్పుడల్లా అంచులమ్మకు కడుపు రగిలిపోయేది. ఈసారి అతిథులు రెండిళ్ళూ చూసి, నచ్చిన చోట దిగుతారని పడవ నడిపే సరంగు కబురు తెచ్చాడు. ఆమె ఇల్లంతా అలికి, చేపలకు ఉప్పు పట్టించి సిద్ధంగా ఉంచింది.

అంతలో పెద్ద తోటికోడలు ఒక పెద్ద చాపను చంకన పెట్టుకుని వచ్చింది.

“చెల్లీ, రేపు వాళ్ళకి దీని మీదే వడ్డించాలి. నీ చెయ్యి పడితేగానీ అందం రాదు.”

“నా చెయ్యి ఎవరికి కనబడుతుందక్కా? మోగేది నీ పేరేగా.”

“పేరు తింటామా ఏంటి? పొద్దున్నే ఇచ్చెయ్.”

అంచులమ్మ మూడు వైపులా గట్టిగా బిగించింది. నాలుగో వైపు మాత్రం ముడి వేయక, కొసను లోపలికి దోపి ఊరుకుంది.

మరునాడు పెద్ద తోటికోడలి ఇంట భోజనాల వేళ, లావుపాటి అతిథి ఒకాయన ఇటు నుండి అటు జరగగానే అంచు ఊడి, తుంగ పోచలు పైకి లేచాయి. కూర గిన్నె ఒరిగింది. గుమ్మం వద్ద నిలుచున్న అంచులమ్మకు ప్రాణం లేచి వచ్చింది. పెద్ద తోటికోడలు ఊడిన కొసను చూసింది. తరువాత అంచులమ్మను చూసింది. చూసి, పకపక నవ్వింది.

“ఊడింది కాదండీ, మీకోసమే వదిలిపెట్టాం! తలా ఒక ముడి వేసి వెళ్ళాలి. నేర్పేది మా చెల్లెలే. రావే, దిష్టిబొమ్మలా నిలబడ్డావేం?”

కూర్చోక తప్పలేదు. అతిథులు చుట్టూ మూగారు. పదిమంది ఎదుట ఆమె వేళ్ళకు తప్పుడు ముడి వేయడం చేతకాలేదు.

“ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా మీరు?” అని అతిథుల్లో ఒక ముసలావిడ ముచ్చటపడింది.

“గోడ అవతలే ఉన్నాను.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇక రెండో ఇల్లు చూడనవసరం లేదనీ, ఇక్కడే దిగుతామనీ, అంచులమ్మ రోజూ ఇక్కడికే వచ్చి నేర్పాలనీ వారు తేల్చేశారు.

“ఇంకేం, ఇద్దరికీ పని దొరికింది!” అన్నాడు సరంగు. ఆమెకు అతని గొంతు నొక్కాలనిపించింది.

మర్నాడు పెద్ద తోటికోడలు బయటికి వచ్చేసరికి అంచులమ్మ ఆ ఇంటి అరుగు మీదే, అతిథుల మధ్య, కొత్త చాప అల్లుతూ కనిపించింది.

“ఇదెవరిదే?”

“నాదే. అల్లడం నాకూ వచ్చని చూపిస్తున్నా. అంచు నువ్వు కట్టాలి.”

“కడతాలే,” అంది పెద్ద తోటికోడలు, పక్కనే చతికిలబడుతూ. “ముడి వేస్తానో, దోపి ఊరుకుంటానో మాత్రం చెప్పలేను.”

అంచులమ్మ తలెత్తకుండా పోచలు బిగించసాగింది. ఓరచూపు మాత్రం అక్క చేతుల మీదే ఉంది.