గుడి గడపకు పసుపు

వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలుదారికి కాస్త ఎడంగా, జొన్నచేల మధ్య ఒక చిన్న రాతి చర్చి ఉంది. అటు వెళ్లేవాళ్లు ఆగి చూడదగ్గదే. చూసినవాళ్లంతా పొడుగాటి కిటికీలనూ, గంట వేలాడే బుల్లి గోపురాన్నీ మెచ్చుకుంటారు. నేను మాత్రం ముందు గడప చూడమంటాను. నా మాట ఎవరూ పట్టించుకోరు.

దాన్ని కట్టించింది నిజాం కాలంలో వచ్చిన ఒక తెల్లదొర. ఆ ఏడు కరువు. చుట్టుపక్కల పల్లెల జనం కూలి జొన్నల కోసం రాళ్లు మోశారు. గోడలకు దగ్గరి గుట్టల రాయి, నేలకు తాండూరు నాపబండలు, అతకడానికి గానుగ సున్నం. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండే ఆ బండల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. తర్వాతి రోజుల్లో అక్కడ మా నాన్న ప్రసంగం చెబుతుంటే సగం మంది కునుకు తీసేవారు. అది మీ తప్పు కాదు, బండల తప్పు అని అమ్మ ఆయన్ను ఓదార్చేది.

పోలీసు యాక్షన్ తర్వాత దొరలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్లుండే బంగళాకు తాళం పడింది. రాష్ట్రాలు కలిసిన కొత్తలో నాన్న గుంటూరు వైపు నుంచి అక్కడికి పాదిరిగా వచ్చారు. నేను అప్పటికి హైస్కూలు చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. చర్చిని ఊరంతా గుడి అనేది, నాన్నను అయ్యగారు అనేది. గుడితో పాటు మాకు ఒక అవ్వ కూడా దక్కింది. చిన్నప్పుడు తల్లి వెంట ఆ గోడలకు రాళ్లు మోసిన మనిషి. దొరల కాలం నుంచీ గుడి ఊడ్చేది ఆమే.

ప్రతి శనివారం సాయంత్రం అవ్వ బండలు కడిగి, చివర్లో గడపకు పసుపు పూసేది. మొగుడు పోయాక తన ముఖానికి పసుపు తాకించలేదు గానీ, గుడి గడపకు ఒక్క వారం మానలేదు. గుడి తెరిచిన రోజున ఊరి ఆడవాళ్లంతా కలిసి మొదలుపెట్టిన పని అది. దొర అదేదో రంగనుకొని ముచ్చటపడి, గడప పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడట. ఇంత ఇల్లు కట్టి గడప బోసిగా వదిలేస్తారా అని ఆ ఆడవాళ్లు అనుకున్నారు. ఇందులో తప్పుందని వాళ్లకు తట్టలేదు, దొరకు ఎవరూ చెప్పలేదు.

మా నాన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన నాయనమ్మ ఇంటి గడపా అలాగే పచ్చగా ఉండేది. బహుశా అందుకే ఆయనకు అంత కోపం. ముందు మెత్తగా చెప్పారు. తర్వాత ప్రసంగంలో చెప్పారు. చివరికి, పసుపు మానేదాకా ప్రభువు బల్లకు, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు అందుకోవడానికి, రావద్దన్నారు. ఆ రోజు అవ్వ చీపురు పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"అయ్యగారూ, లోపట ప్రభువు బతికే ఉన్నడని మీరే చెప్తిరి గద. మనిషున్న ఇంటి కడప బోడిగ ఉంటదా?"

నాన్న దగ్గర జవాబు లేకపోలేదు, కానీ అది చాలా పొడుగైన జవాబు. అవ్వ అంతా విని తల ఊపింది.

"సరే, నాకు బల్ల వద్దు. నేను పోయిననాడు మాత్రం నన్ను జర గీ గుడి లోపటికి తీస్కపోండ్రి. గంతే."

బల్లకు దూరమైనవాళ్లను గుడిలోకి తేకుండా తిన్నగా సమాధుల తోటకే తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. అది అవ్వకూ తెలుసు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఒకటే తంతు. శనివారం అవ్వ పసుపు పూసేది, ఆదివారం పొద్దున నాన్న బకెట్ నీళ్లతో కడిగేసేవారు. ఇద్దరూ ఒకరినొకరు పల్లెత్తు మాట అనుకోలేదు. బల్ల ఇచ్చే వేళకు అవ్వ బయట చెప్పుల పక్కన కూర్చునేది. నాకు నాన్న మీద ఒళ్లు మండేది. అమ్మకూ మండేదనే అనుకుంటాను, కూరలో ఉప్పు ఎక్కువయ్యేది ఆదివారాల్లోనే.

ఒక ఏడు కంది కోతల రోజుల్లో అవ్వ చనిపోయింది. గొర్లు కాసుకునే ఆమె అన్నకొడుకు వచ్చి వాకిట్లో నిలబడి, గుడికి తేవాలా, సీదా తోటకేనా అని అడిగాడు. నాన్న చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, గుడికే తెమ్మన్నారు.

పాడె వచ్చేసరికి నేనూ అమ్మా గుమ్మం దగ్గరే ఉన్నాం. గడప పచ్చగా ఉంది. ఆడవాళ్లు పూసిన తీరు కాదు అది. తడిపి అరచేత్తో అలకాల్సింది పోయి, పొడి పసుపు గుప్పెళ్లతో పోసి వేళ్లతో రుద్దినట్టుంది. సగం కింది బండ మీదే పడింది. పాదాలదాకా ఉండే నాన్న తెల్లంగీ అంచంతా పసుపే. మోసేవాళ్లు ఒక్క క్షణం ఆగి, కిందికి చూసి, గడప తొక్కకుండా అవ్వను లోపలికి తీసుకుపోయారు. అప్పటిదాకా గట్టిగా ఉన్న ఆడవాళ్లు అక్కడ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

నాన్న మారిపోయారని మాత్రం అనుకోకండి. మరుసటి ఆదివారం పాత ఆచారాల మీద మామూలుగానే ప్రసంగించారు, జనం మామూలుగానే కునుకు తీశారు. అయితే ఆ వారం గడప మళ్లీ పచ్చగా ఉంది, ఎవరు పూశారో నాకు తెలియదు. నాన్న బకెట్ తేలేదు.

అంగీ సంగతి చెప్పాలి. నాన్న దాన్ని ఎవరికీ చెప్పకుండా సబ్బుతో ఉతికేశారు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని వంటింటి మొహం చూడని మనిషికేం తెలుసు? అంచంతా ఎర్రగా మారింది. అమ్మ ఒక్క మాట అడగకుండా తీసుకెళ్లి ఎండలో ఆరేసింది. సాయంత్రానికి ఎరుపు పోయి, లేత పచ్చని చార మిగిలింది. రేపు ఇంకోసారి ఎండలో వేస్తే అదీ పోతుందంది.

నాన్న అంగీ అందుకుని మడత పెట్టుకున్నారు.

"వద్దులే, ఉండనీ."