పెద్దబడి ట్యూషను టీచరమ్మ

ఏరి ఏరి చేర్చుకునే పెద్దబడి పరీక్షకు తయారుచెయ్యమని, పాలపళ్లైనా ఊడని పిల్లల్ని రోజూ సాయంత్రం ఈ టీచరమ్మ ముందుగదిలో దింపిపోతారు. చెవి వెనక పెన్సిలు దోపుకుని, ఎవరినీ కసరకుండా ఓపిగ్గా చెబుతుంది.

"అందరి పిల్లలకీ చెప్తావు, మన పిల్లకి చెప్పవా?" అంటాడు భర్త.

"దాన్ని ఆడుకోనివ్వండి" అంటుంది.

కానీ వీధిలోంచి కూతురి నవ్వు వినబడితే, చెబుతున్న లెక్క మధ్యలో ఆగిపోతుంది. వెళ్లి ఒక్కసారి ఎత్తుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. నిన్న ఆ పిల్లే పలక పట్టుకొచ్చి వరస చివర కూర్చుంది.

"నీకెందుకే ఇవన్నీ? పోయి ఆడుకో."

"నన్నూ చేర్చుకో అమ్మా. వీళ్లయితే రోజూ నీ దగ్గరే ఉంటారుగా."

టీచరమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చిన్న చెయ్యి పట్టుకుని, పిల్లకు ఎప్పుడో వచ్చేసిన అక్షరాన్నే మళ్లీ మళ్లీ దిద్దించింది.