లెనిన్‌గ్రాడ్‌లో ఒక్కపొద్దు

ఎనభైల నాటి మాట. జనగామ స్టేషన్‌లో ప్యాసింజర్ రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దమనిషి, మాస్కో, లెనిన్‌గ్రాడ్ చూపించే టూరుకు పోదాం రమ్మని భార్యను బతిమాలుతున్నాడు. ఆమె భయపడుతోంది.

పక్కనే ఉన్న రఘునాథపల్లి దాటి ఎరగని నేను, రెండుసార్లు పోయొచ్చానని చెప్పాను. "గైడు జెండా పట్టుకొని ముందు నడుస్తడక్కా. కురవి జాతరకు పోయినట్టు ఎనక పోవుడే."

ఆమె నవ్వింది. ఆ హుషారులో, "ఎండాకాలం లెనిన్‌గ్రాడ్‌ల పొద్దే గూకది" అని కూడా అన్నాను. నా మాటల్లో కాస్త నిజమున్నది అదొక్కటే.

ఆమె నవ్వు ఆగిపోయింది. "శనివారం నేను ఒక్కపొద్దుంట. పొద్దు గూకినంకనే తింట. ఆడ ఎప్పుడు తినాలె? నేను రాను, నువ్వే పో" అంది భర్తతో.

"నిన్నెవడు అడిగిండు తమ్మీ?" అన్నాడాయన నాతో, మెల్లగా.

రైలు గంట కొట్టాక ఆమె, భర్త చేతి గడియారం మీద వేలు పెట్టింది.

"ఆడికి పోయినంక గీ ముల్లు తిప్పకు. మనూర్ల పొద్దు గూకే యాళ్లకు తింట."

వాళ్లు వెళ్లారో లేదో తెలియదు. శనివారం సాయంత్రం మా వీధి దీపాలు వెలిగితే మాత్రం, ఎక్కడో మంచి ఎండలో ఒకామె అన్నం కలుపుకుంటున్నట్టే ఉంటుంది నాకు.